ఆకలి జాడ పట్టినవారు

తెలుగులో ‘కొవ్వు’ అన్న మాటకు ఒంటిలో ఒక అర్థమున్నది, నడవడిలో మరొక అర్థమున్నది. ‘వాడికి కొవ్వెక్కింది’ అని ఎవరైనా అంటే, వాడు లావయ్యాడు కాబోలునని మనమెవ్వరమూ అనుకోము, పొగరుబోతయ్యాడని అనుకొంటాము. ‘ఒళ్ళు బలిసింది’ అన్నా అంతే. ‘కండకావరము’ ఆ కోవలోనిదే. బక్కచిక్కినవానిమీద మన భాషకు జాలి ఉన్నది గాని, పొట్ట పెరిగినవానిమీద లేదు. దీనికి కారణం వెదకడం కష్టం కాదు. ఊరంతా గంజినీళ్ళతో పొద్దు పుచ్చుతున్నప్పుడు ఒక్కడు మాత్రం నిండుగా కనిపిస్తే, వాడు పరుల కూడు తిన్నాడన్న అనుమానం కలుగుతుంది. ఆ అనుమానంలోనుంచి మాట పుడుతుంది. అయితే కరవు పోయినా మాట పోదు. అది అక్కడే ఉండి, ఏ పాపమూ ఎరుగనివాని మీద పడుతూ ఉంటుంది.

అట్లా పడిన మాట ఒకటి నా నోటినుంచే వెలువడింది. ఉద్యోగంలో చేరిన కొత్త. ఇంటర్మీడియెట్ తరగతికి బకాసురవధ పాఠం చెబుతున్నాను. భీముడు బండెడు అన్నం ముందు వేసుకొని కూర్చున్న ఘట్టం. ‘వృకోదరుడు’ అన్న పదానికి విగ్రహం చెబుతూ, ‘తోడేలు కడుపు వంటి కడుపు కలవాడు’ అని, అంతటితో ఊరకుండక, మొదటి బల్లమీద కూర్చున్న ఒక లావుపాటి కుర్రవానివైపు చెయ్యి చూపి, ‘ఇడుగో మన వృకోదరుడు’ అన్నాను. తరగతి ఘొల్లుమన్నది. అతడూ నవ్వాడు. మరునాటినుంచి అతడు చివరి బల్లకు మారాడు. పేరు మాత్రం మారలేదు. మామూలు ఎగతాళి వారం రోజులుంటుంది. వ్యుత్పత్తితో సహా చేసిన ఎగతాళి నిలిచిపోతుంది.

అతని సంగతి మళ్ళీ చెబుతాను. అంతకంటె ముందు పాఠకులను చాలా దూరం, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్న ఒక దీవికి తీసుకొనిపోవలసి ఉన్నది. ఆ దీవి సంగతి నాకు చెప్పినది మా కళాశాలలో జంతుశాస్త్రం బోధించిన ఒక మిత్రుడు. అధ్యాపకుల గదిలో నేనేదో తిండిపోతుల ప్రసంగం చేస్తూ ఉంటే, ఆయన చాలాసేపు విని, ‘మీకు ఒక చిట్టెలుక కథ చెప్పాలండీ’ అని మొదలుపెట్టాడు. ఆనాడు విన్నది కొంత, తరువాత నేనుగా చదువుకొన్నది కొంత. శాస్త్రం నా విషయం కాదు. మనుషుల సంగతి మాత్రం ఎవరైనా చెప్పుకోవచ్చును గదా.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈశాన్యపు కొసన మెయిన్ అనే రాష్ట్రం. దాని తీరాన మౌంట్ డెసర్ట్ అనే దీవి. ఆ దీవిలో బార్ హార్బర్ అనే చిన్న ఊరు. అక్కడ 1929లో క్లారెన్స్ కుక్ లిటిల్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగశాలను స్థాపించాడు. జాక్సన్ ప్రయోగశాల అని దానికి పేరు. అక్కడ పెంచేవి చిట్టెలుకలు. అన్నచెల్లెళ్ళను జతపరచి, వాటి సంతానంలో మళ్ళీ అన్నచెల్లెళ్ళను జతపరచి, ఇట్లా ఇరవై తరాలూ అంతకు పైగానూ గడిపితే, ఒక వంశంలోని చిట్టెలుకలన్నీ కవల పిల్లలవలె ఒక్క తీరుగా తయారవుతాయి. అప్పుడు వాటిలో ఏ ఒక్కటి వేరుగా కనిపించినా, ఆ వేరు ఎక్కడినుంచి వచ్చిందో విచారించవచ్చును. వంశావళులు వ్రాసిపెట్టుకోవడంలో మన పురాణకర్తలకు వారేమీ తీసిపోరు.

1947 అక్టోబరులో ఆ దీవిలో కార్చిచ్చు పుట్టింది. ప్రయోగశాల చాలామట్టుకు కాలిపోయింది. వేలాది చిట్టెలుకలు బూడిద అయినాయి. పద్ధెనిమిదేళ్ళ వంశావళులు కాగితంమీద మిగిలినా, కాగితంమీది చిట్టెలుక పిల్లలు పెట్టదు. కాని అదివరకు ఆ ప్రయోగశాలవారు ఇతర దేశాల పరిశోధకులకు ఎన్నో జతలను పంచిపెట్టి ఉన్నారు. ఆ పంచినవే ఇప్పుడు తిరిగి వచ్చాయి. ఎక్కడెక్కడి పరిశోధకులో తమ దగ్గరున్న సంతతిలో కొన్నింటిని పెట్టెలలో పెట్టి పంపించారు. దాచుకొన్నది కాలిపోయింది, పంచిపెట్టినది మిగిలింది. ఈ ఒక్క ఘట్టంమీద మరొక వ్యాసం వ్రాయవచ్చును. అది ఇప్పుడు మన పని కాదు.

ఆ అగ్నిప్రమాదం జరిగిన రెండేళ్ళకు, 1949లో, ఒక పంజరంలో లావుపాటి చిట్టెలుక ఒకటి కనిపించింది.

కనిపించింది అనడం తేలిక. ఎవరికి కనిపించింది? ఎట్లా కనిపించింది? ప్రయోగశాల అనగానే మనకు తెల్లని కోటు, సూక్ష్మదర్శిని, గాజు గొట్టాలు తోస్తాయి. జంతువుల ప్రయోగశాలలో పొద్దు గడిచేది వీటితో కాదు. ఉదయమే వచ్చి పంజరాలలోని తడిసిన రంపపుపొట్టు తీసి, పొడిది పరవడం. నీళ్ళ సీసాలు కడిగి నింపడం. మేత తూచి వేయడం. పుట్టిన పిల్లలను లెక్కపెట్టి తేదీ వేయడం. గుర్తుకోసం చెవికి చిన్న గాటు పెట్టడం. ఒక్కొక్కదానిని తోక పట్టి ఎత్తి తక్కెడలో పెట్టి గ్రాములు వ్రాసుకోవడం. రేపు మళ్ళీ అదే. ఎల్లుండి మళ్ళీ అదే. పండుగలకు చిట్టెలుకలు ఉపవాసముండవు గనుక ఆనాడూ అదే. ఈ పని చేసేవారిలో చాలామంది పేర్లు ఏ వ్యాసంమీదా అచ్చు కావు. వేల చిట్టెలుకలలో ఒకటి నాలుగైదు వారాల వయసులో తోబుట్టువులకంటె కొంచెం గుండ్రంగా కనిపిస్తే, దానిని చూసి ‘బాగా తిన్నట్టున్నది’ అని నవ్వి పక్కపంజరానికి పోవచ్చును. నేనైతే నవ్వి పోయేవాడిని. పోయినవాడినే. అక్కడివారు పోలేదు. దానిని విడిగా పెట్టారు. తూచారు. దాని తోబుట్టువులను తూచారు. దాని తల్లిదండ్రులెవరో పుస్తకంలో చూశారు.

1950లో ఆ చిట్టెలుకను గురించిన వ్యాసం అచ్చయింది. దానిమీద మూడు పేర్లున్నవి: ఆన్ ఇంగాల్స్, మార్గరెట్ డికీ, జార్జ్ స్నెల్. మూడవ ఆయనకు, అవయవాలను ఒకరినుంచి ఒకరికి మార్చినప్పుడు శరీరం ఎందుకు ఒప్పుకొంటుంది, ఎందుకు తిరస్కరిస్తుంది అన్న విషయంలో చేసిన కృషికి 1980లో నోబెల్ బహుమతి వచ్చింది. మొదటి ఇద్దరు స్త్రీల పేర్లు శాస్త్రజ్ఞులకు తప్ప తెలియవు. వారు తేల్చినది ఇది: ఆ లావు వంశపారంపర్యమైనది. ఒకే ఒక జన్యువులో కలిగిన మార్పు దానికి కారణం. తల్లినుంచీ తండ్రినుంచీ కూడా ఆ చెడిన జన్యువు వచ్చినప్పుడే లావు బయటపడుతుంది; ఒక్కరినుంచి వస్తే చిట్టెలుక సన్నగానే ఉండి, ఆ లోపాన్ని గుప్తంగా మోస్తుంది. లావుపాటిది మూడు నెలలకు మామూలుదానికి రెండింతలవుతుంది, అక్కడితోనూ ఆగదు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. ఆ లావుపాటి చిట్టెలుకలకు పిల్లలు పుట్టవు. వాటిని నిలబెట్టుకోవాలంటే సన్నగా ఉండి లోపాన్ని మోస్తున్న తోబుట్టువులను పట్టుకోవాలి. అవి చూపులకు అందరివంటివే. ఏది మోస్తున్నదో తెలియాలంటే జతపరచి చూడాలి, పుట్టిన పిల్లలు పెరిగేదాకా కాచుకోవాలి. ఏటికేడు ఇదే పని. ఈ ఓపిక లేకపోతే ఆ చిట్టెలుక 1950లోనే అంతరించి ఉండేది; తరువాతి కథ ఏదీ జరిగి ఉండేది కాదు.

1958లో డగ్లస్ కోల్మన్ అనే యువకుడు ఆ ప్రయోగశాలలో చేరాడు. కెనడాలో 1931లో పుట్టినవాడు. చదువుకొన్నది జీవరసాయన శాస్త్రం. ఒకటి రెండేళ్ళుండి పోదామని వచ్చి, పదవీవిరమణ వరకూ అక్కడే ఉండిపోయాడు. మధుమేహం మీద పరిశోధన చేయాలని ఆయన వచ్చినవాడు కాడు. అది ఆయనకు ఎదురైంది. 1960 తరువాత కొన్నేళ్ళకు మరొక వంశంలో మరొక లావుపాటి చిట్టెలుక కనిపించింది. దీనికి లావుతోపాటు తీవ్రమైన మధుమేహం కూడా ఉన్నది. కాథరిన్ హమ్మెల్, మార్గరెట్ డికీ, కోల్మన్ కలసి 1966లో దానిని లోకానికి తెలియజేశారు. డికీ పేరు రెండుమార్లు వచ్చినందుకు నాకు సంతోషమనిపించింది. ఒక్కసారి చూడగలగడం అదృష్టం కావచ్చును. రెండుసార్లు చూడడం అదృష్టం కాదు.

ఇక ఆ ప్రయోగం. చెప్పడానికి నాకు కొంచెం సంకోచంగానే ఉన్నది. చదివే విద్యార్థులలో మెత్తని మనసువారుంటారు. కోల్మన్, హమ్మెల్ కలసి రెండు చిట్టెలుకలను పక్కపక్కన పడుకోబెట్టి, మత్తుమందిచ్చి, భుజంనుంచి తుంటివరకు చర్మాలను కలిపి కుట్టారు. గాయం మానేటప్పుడు చిన్న చిన్న రక్తనాళాలు ఒకదానిలోనుంచి మరొకదానిలోకి పెరుగుతాయి. దానితో ఒకదాని నెత్తురు మెల్లమెల్లగా రెండవదానిలోకి పోతుంది. పొట్టలు వేరు, నోళ్ళు వేరు, నెత్తురు మాత్రం కొంత ఉమ్మడి. ప్రశ్న ఏమంటే, ‘చాలు, ఇక తినకు’ అని మెదడుకు చెప్పే కబురు ఏదైనా నెత్తురులో తిరుగుతున్నదా?

మధుమేహపు చిట్టెలుకను మామూలుదానితో కుట్టారు. లావుపాటిది మామూలుగానే తింటూ పోయింది. ఆరోగ్యంగా ఉన్న రెండవది తినడం మానివేసింది. ఎదుట మేత ఉన్నది, పక్కన తినేవాడున్నాడు. అయినా అది ముట్టుకోలేదు. కొద్ది వారాలలో పస్తుతో చచ్చిపోయింది. పొరపాటేమోనని మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. 1969లో ఈ ఫలితాన్ని ప్రకటించారు.

తరువాతి ప్రయోగానికి కొన్నేళ్ళు పట్టింది. పాత లావుపాటిదానిని కొత్త మధుమేహపుదానితో కలపాలి. కాని అవి రెండూ వేర్వేరు వంశాలవి. వంశం వేరైతే ఒకదాని చర్మాన్ని మరొకదాని శరీరం ఒప్పుకోదు. కనుక పాతదాని లోపాన్ని తరతరాలుగా జతపరచి కొత్తదాని వంశంలోకి తీసుకొనిరావలసి వచ్చింది. మళ్ళీ పంజరాలు, మళ్ళీ తక్కెడ, మళ్ళీ పుస్తకంలో తేదీలు. 1973లో ఫలితం వెలువడింది. ఆ రెండింటినీ కుట్టినప్పుడు, పాత లావుపాటిది తిండి మాని చిక్కి చచ్చిపోయింది. మధుమేహపుది ఇంకా లావయింది. పాతదానిని మామూలుదానితో కుడితే మాత్రం అది చావలేదు. తిండి తగ్గించింది, లావెక్కడం నెమ్మదించింది.

దీనిని నేను నా తీరున అర్థం చేసుకొన్నాను. రెండు ఇళ్ళున్నవి. మొదటి ఇంటిలో అందరికీ చదువు వచ్చును, కాని ఆ ఇంటికి ఉత్తరం వ్రాసేవాడు లేడు. రెండవ ఇంటికి బస్తాలకొద్దీ ఉత్తరాలు వస్తున్నవి, కాని ఆ ఇంటిలో ఎవరికీ చదవడం రాదు. రెండు ఇళ్ళకూ ‘చాలు’ అన్న కబురు అందదు. రెండవ ఇంటి బస్తాలను మొదటి ఇంట్లో కుమ్మరిస్తే? చదవనేర్చినవారు ఒక్కసారిగా అన్ని ఉత్తరాలు చదువుకొని, తినడమే మానివేశారు. 1949 నాటి చిట్టెలుకకు కబురు పుట్టడం లేదు; 1966 నాటిదానికి కబురు పుట్టీ చెవికెక్కడం లేదు. కోల్మన్ చెప్పినది ఇదే. ఆ కబురు ఏ పదార్థమో ఆయనకు తెలియదు. అది ఉండి తీరాలి అని మాత్రం అన్నాడు.

చాలామంది నమ్మలేదు. లావు అనేది నడవడికి సంబంధించినదనీ, నోటికి తాళం లేకపోవడంవల్ల వచ్చేదనీ ఆనాటి పండితులలో పెక్కుమంది అభిప్రాయం. అంటే ‘కొవ్వెక్కింది’ అన్న మాట ఒక్క తెలుగులోనే కాదన్నమాట. కోల్మన్ ఆ పదార్థంకోసం ఏళ్ళతరబడి వెదికాడు. ఆయనకు దొరకలేదు. 1991లో పదవీవిరమణ చేసి, తన అడవిని చూసుకొంటూ ఉండిపోయాడు.

అది న్యూయార్కులో దొరికింది. రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే ఆయన 1986 ప్రాంతంలో, ఆ చెడిన జన్యువు ఎక్కడున్నదో వెదకడం మొదలుపెట్టాడు. వెదకే తీరు ఊరూ పేరూ తెలియని మనిషిని జిల్లా, తాలూకా, వీధి వరుసన వెదికినట్లు. అందుకోసం పెంచి పరీక్షించిన చిట్టెలుకలు పదహారు వందల పైచిలుకు. ఎనిమిదేళ్ళు పట్టింది. 1994 మే 8, ఆదివారం, తెల్లవారుజాము. చీకటిగదిలో ఒక ఫిల్మును కడిగి చూస్తే సమాధానం కనిపించింది. ఆ జన్యువు పని చేసేది మెదడులో కాదు, కడుపులో కాదు, కొవ్వులో. మనం పొగరు అన్న ఆ కొవ్వే, ‘నా దగ్గర నిలవ ఉన్నది, ఇక చాలు’ అని మెదడుకు ఉత్తరం వ్రాస్తున్నది. ఆ సంవత్సరం డిసెంబరు 1న వ్యాసం అచ్చయింది. యీయింగ్ జాంగ్ మొదలుకొని ఫ్రీడ్‌మన్ వరకు ఆరుగురి పేర్లున్నవి. సన్నన అని అర్థమిచ్చే గ్రీకు మాటనుంచి ఆ పదార్థానికి ‘లెప్టిన్’ అని పేరు పెట్టారు.

భాష చెప్పేవాడిని గనుక ఒక్క వివరం నన్ను విడవడం లేదు. ఆ పదార్థాన్ని తయారుచేసే సూత్రం 167 మెట్ల వాక్యం. 1949 నాటి చిట్టెలుకలో 105వ మెట్టు దగ్గర అక్షరం ఒకటి మారి, అక్కడ పూర్ణవిరామం పడింది. వాక్యం సగంలో ఆగిపోయింది. అంతే. ఒక్క చుక్క. దానికి ఆ ప్రాణి బ్రతుకంతా తిండిపోతు అనిపించుకొన్నది.

1995లో లెప్టిన్‌ను సూదిద్వారా ఆ చిట్టెలుకలకు ఇచ్చారు. రెండు వారాలలో బరువు దాదాపు మూడింట ఒకవంతు తగ్గింది. మధుమేహపు వంశంవాటికి ఇస్తే ఏమీ కాలేదు. ఇరవై రెండేళ్ళ క్రితం కోల్మన్ చెప్పినట్లే జరిగింది. ఆ ఇద్దరికీ కలిపి 2009లో షా బహుమతి, 2010లో లాస్కర్ బహుమతి ఇచ్చారు. కోల్మన్ 2014లో మరణించాడు.

చిట్టెలుకలో ఉన్నది మనిషిలో ఉంటుందా? 1997లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో సదాఫ్ ఫరూకీ, స్టీఫెన్ ఓరాహిలీ అనే వైద్యులూ వారి సహచరులూ ఇద్దరు పిల్లలను గురించి వ్రాశారు. దగ్గరి బంధువులు. ఇద్దరూ మామూలు బరువుతోనే పుట్టారు. ఎనిమిదేళ్ళ పిల్ల 86 కిలోలు. రెండేళ్ళ బిడ్డ 29 కిలోలు. నెత్తురులో లెప్టిన్ లేదన్నంత తక్కువ. ఇటువంటి పిల్లలకు ఆకలి తీరడమంటే ఏమిటో తెలియదు. ఇంట్లో తల్లి తిట్టినా, బడిలో పంతులు ఎగతాళి చేసినా, కబురు అందనిదే ఆకలి ఆగదు. తొమ్మిదేళ్ళప్పుడు ఆ పెద్ద పిల్లకు లెప్టిన్ సూది మొదలుపెట్టారు. ఒక్క సంవత్సరంలో పదహారు కిలోలు తగ్గింది. అందరు పిల్లలవలె తిని, అందరివలె చాలనుకొన్నది. మేనరికాలు ఎక్కువగా జరిగే మన దేశభాగాలలో ఇటువంటి గుప్తదోషాలు రెండువైపులనుంచీ వచ్చి కలుసుకొనే అవకాశం ఉన్నదని ఉపాధ్యాయులు గుర్తుంచుకోవాలి.

దూరపు దీవి కథగా దీనిని వదలివేయవలసిన పని లేదు. మన హైదరాబాదులో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించడానికి ఒక్క గదిలో ప్రారంభించినది అది. 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. తిండి చాలక వచ్చే జబ్బులకోసం పుట్టిన సంస్థ. అక్కడ 1920నుంచి ఒకే వంశం ఎలుకలను పెంచుతూ వచ్చారు. 1996లో ఎన్. వి. గిరిధరన్ గారి ఆధ్వర్యంలో ఉన్న జంతుశాలలో, ఆ వంశంలోనే, లావుపాటి ఎలుక ఒకటి కనిపించింది. దానిని విడిగా పెట్టి, జతపరచి, రెండు శాఖలుగా నిలబెట్టారు; ఒక శాఖలో చక్కెరను ఒంట పట్టించుకొనే శక్తి కూడా లోపించింది. వీటి నెత్తురులో లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువ. ఉత్తరాల బస్తాలున్నవి, చదువు లేదు. డెబ్బైఅయిదేళ్ళు ఒకే వంశాన్ని సాకి, ఒకనాడు ఒకదానిని చూసి ఆగిన ఆ చేతులు తెలుగుదేశంలో ఉన్నవన్న సంగతి మన విద్యార్థులకు ఎవరు చెప్పాలి? ఎవరు చెబుతున్నారు?

మధుమేహం విషయం ఒకటి మిగిలింది. లావుకూ చక్కెరకూ చుట్టరికమున్నది గాని, అది సూటియైనది కాదు. కోల్మన్, హమ్మెల్ ఒకే లోపాన్ని రెండు వంశాలలో పెట్టి చూశారు. ఒక వంశంలో చిట్టెలుక లావుగా ఉండి, చక్కెర కొంచెమే పెరిగి, క్లోమగ్రంథి ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి ఎట్లాగో నెట్టుకొనివచ్చింది. రెండవ వంశంలో అదే లోపంతో క్లోమం అలసి చతికిలబడి, మధుమేహం తీవ్రమై, ప్రాణం తొందరగా పోయింది. విత్తు ఒక్కటే, నేల వేరు. మన మధ్య సన్నగా ఉండి చక్కెర వ్యాధితో బాధపడేవారూ ఉన్నారు, లావుగా ఉండి అది లేనివారూ ఉన్నారు. చూపులతో తీర్పు చెప్పరాదు.

నిరుడు ఒకనాడు రక్తపరీక్ష చేయించుకొనడానికి పోయి, వరుసలో కూర్చున్నాను. నాకూ ఆ వ్యాధి వచ్చి ఆరేళ్ళయింది. పక్కకుర్చీలోని మనిషి లేచి, ‘నమస్కారం మాస్టారూ’ అన్నాడు. నలభై దాటిన మనిషి. పోల్చుకోలేదు. పేరు చెప్పాడు, అప్పటికీ పోల్చుకోలేదు. అప్పుడు నవ్వి, ‘వృకోదరుణ్ణండీ’ అన్నాడు.

నేను ఏమనాలో తెలియక, చాలాసేపటికి, ‘ఆనాడు తప్పు చేశాను బాబూ’ అన్నాను. ‘అయ్యో, అదేం మాటండీ! మీరు పెట్టిన పేరు కదా, మావాళ్ళంతా ఇప్పటికీ అట్లాగే పిలుస్తారు’ అన్నాడు. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండుననిపించింది. మా పేర్లు పిలిచేవరకు గంటసేపు ఉన్నది గనుక అతనికి ఈ చిట్టెలుకల కథంతా చెప్పాను. వృకమంటే తోడేలనే కాక, వృకమనే పేరుగల అగ్ని ఉదరంలో కలవాడు గనుక భీముడు వృకోదరుడయ్యాడని కూడా పెద్దలు చెబుతారనీ, ఆ రెండవ అర్థం నాకు ఆనాడే తెలుసుననీ, నవ్వు పుట్టదని చెప్పలేదనీ అన్నాను.

అతడు శ్రద్ధగా విని, ‘ఆ లెప్టిను సూది నాకు పని చేస్తుందా మాస్టారూ?’ అని అడిగాడు.

చేయదనే చెప్పవలసి వచ్చింది. కేంబ్రిడ్జి పిల్లలవంటివారు లోకంలో బహు కొద్దిమంది. మామూలుగా లావుగా ఉండేవారి నెత్తురులో లెప్టిన్ నిండుగానే ఉంటుంది. మెదడు దానిని లెక్కచేయడం మానుకొంటుంది. అటువంటివారికి లెప్టిన్ ఇచ్చి చూస్తే పెద్ద ఫలితం కనిపించలేదు. ఈమధ్య వచ్చిన వేరే సూదిమందులు వేరే హార్మోనుకు సంబంధించినవి. వాటి సంగతి వైద్యుణ్ణి అడగమన్నాను.

‘పోనీలెండి’ అని కొంతసేపు ఊరకున్నాడు. తరువాత, ‘మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడండీ. అచ్చంగా నాలాగే ఉంటాడు. బడికి పోనని పేచీ పెడుతున్నాడు. వాళ్ళ మాస్టారికి ఈ చిట్టెలుకల సంగతి మీరొక ఉత్తరం వ్రాసి ఇవ్వగలరా? నేను చెబితే వినరు’ అన్నాడు.

తప్పక వ్రాసిస్తానని చెప్పి వచ్చాను. పది పంక్తులలో ముగిద్దామని నాలుగైదుమార్లు కూర్చున్నాను. పది పంక్తులలో అది ఇమడలేదు. చివరకు ఇంత అయింది.